జిజాన్ బజారులో ఛార్జర్ కొందామా?

సౌదీ అరేబియా పటంలో ఎర్ర సముద్రం వెంట దక్షిణానికి దిగుతూ పోతే, యెమెన్ సరిహద్దుకు కాస్త ముందు కనిపించే రేవు పట్టణం జిజాన్. జెద్దా నుంచి సుమారు 700 కిలోమీటర్లు. రియాద్, దమ్మాంలలో ఉండే మన వాళ్ళకి ఈ ఊరి పేరు చెబితే "అక్కడ ఏముందండీ?" అంటారు. చాలా ఉంది. ఫరసాన్ దీవులకు వెళ్ళే ఓడ ఇక్కడి నుంచే బయల్దేరుతుంది. తూర్పున ఫైఫా కొండల మీద మెట్లు మెట్లుగా పొలాలు కనిపిస్తాయి. ఈ కొండ ప్రాంతాల్లో ఖౌలానీ కాఫీ పండించే విద్య 2022లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. మామిడి కాలంలో సబ్యా, అబూ అరీష్ తోటల నుంచి పళ్ళు దిగుతాయి. మన ఆడవాళ్ళు అన్నిటికన్నా మురిసిపోయేది మాత్రం ఇక్కడి మల్లెపూలకి. "ఫుల్" అని పిలిచే ఈ పూలు అచ్చం మన మల్లెలే. దండలు గుచ్చి అమ్ముతారు. పెళ్ళిళ్ళలో వాటి ఘుమఘుమ వీధి చివరిదాకా వస్తుంది.

పగలంతా ఉక్కపోత కాబట్టి ఊళ్ళో బజార్లు సాయంత్రం చల్లబడ్డాకే కళకళలాడతాయి. ఆసుపత్రుల్లో డాక్టర్లుగా, నర్సులుగా, 2006లో ఏర్పడిన జాజాన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా, చమురు శుద్ధి కర్మాగారంలో ఇంజనీర్లుగా ఇక్కడికి వచ్చిన మన కుటుంబాలు కూరగాయలకీ, చేపలకీ బయల్దేరేది ఆ వేళకే. ఆ కొనుగోళ్ళ చిట్టాలో తరచుగా చేరే వస్తువు ఇంకొకటి ఉంది. అదే లాప్‌టాప్ ఛార్జర్. నా వృత్తి కంప్యూటర్లకు సంబంధించినది కనుక, తెలిసినవాళ్ళ ఇళ్ళలో లాప్‌టాప్ మొరాయిస్తే ఫోన్ నాకే వస్తుంది. చూడబోతే చాలాసార్లు జబ్బు లాప్‌టాప్‌ది కాదు, ఈమధ్యే కొన్న చవక ఛార్జర్‌ది.

మూడు అరబ్బీ మాటలు

ఒకప్పుడు ఇక్కడి మొబైల్ కొట్లలో హిందీతోనో, మలయాళంతోనో పని జరిగిపోయేది. 2016 సెప్టెంబరు నుంచి మొబైల్ ఫోన్లు, వాటి యాక్సెసరీలు అమ్మే, బాగుచేసే దుకాణాల్లో సౌదీ పౌరులే పనిచేయాలన్న నియమం పూర్తిగా అమలులోకి వచ్చింది. కాబట్టి ఇప్పుడు కౌంటరు దగ్గర నాలుగు అరబ్బీ ముక్కలు రావాలి. ఛార్జర్‌ని "షాహిన్" అంటారు. అది ఎలాంటిదో చెప్పడానికి మూడు మాటలున్నాయి: అస్లీ, తిజారీ, తక్లీద్.

అస్లీ అంటే లాప్‌టాప్ చేసిన కంపెనీదే. తిజారీ అంటే వ్యాపారపు సరుకు. వేరే కంపెనీ తన సొంత పేరుతో చేసినదీ కావచ్చు, పేరూ ఊరూ లేని చవక రకమూ కావచ్చు. తక్లీద్ అంటే అనుకరణ, అంటే ఎవరో చేసి పెద్ద కంపెనీ పేరు అతికించిన నకిలీ సరుకు.

ఈ మాటలు మనకేమీ కొత్త కావు. తెలుగులో మనం రోజూ వాడే "అసలు", "నకలు", "దుకాణం" అరబ్బీ నుంచి ఉర్దూ దారిన మన ఇంటికి వచ్చినవే. అలాంటిదే ఇంకొక మాట "జామీను". ఇక్కడి కొట్లో గ్యారంటీని "దమాన్" అంటారు. రెండింటి మూలం ఒకటే. ఛార్జర్ కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న కూడా అందులోనే ఉంది: దీనికి జామీను ఎవరు?

తన సొంత పేరు వేసుకుని, గ్యారంటీ ఇచ్చి, బిల్లు రాసే కంపెనీ తిజారీ ఛార్జర్ మంచిదే కావచ్చు. ఏదైనా జరిగితే పట్టుకోవడానికి ఒక మనిషి, ఒక చిరునామా ఉన్నాయి. తక్లీద్ సరుకుకి అలా ఎవరూ ఉండరు. దాని మీద పేరున్న కంపెనీ దాన్ని చేయలేదు, చేసినవాడి పేరు దాని మీద లేదు.

ఇక్కడి కరెంటు, ఇక్కడి గాలి

సౌదీలో కరెంటు పౌనఃపున్యం 60 హెర్ట్జ్, మన దేశంలో 50. ఇక్కడి పాత ఇళ్ళలో 127 వోల్టుల సాకెట్లు, 220 వోల్టుల సాకెట్లు పక్కపక్కనే ఉండేవి. దేశమంతా క్రమంగా 230 వోల్టులకు మారాలని 2010లో మంత్రిమండలి నిర్ణయించింది. అందుకు 25 ఏళ్ళ గడువు పెట్టుకున్నారు కనుక పాత ఇళ్ళలో రెండు రకాలూ ఇంకా తారసపడతాయి. మంచి లాప్‌టాప్ ఛార్జర్‌కి ఈ తేడాలతో పేచీ లేదు. లేబుల్ మీద "ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ప్రపంచంలో దాదాపు ఎక్కడైనా పనిచేస్తుంది. "220–240" అని మాత్రమే ఉన్నది 127 వోల్టుల సాకెట్లో పనికిరాదు.

జిజాన్ గాలి సంగతి వేరు. ఏడాదంతా తేమ, సముద్రపు ఉప్పు, వేసవిలో రోజుల తరబడి దుమ్ము. ఉప్పు, దుమ్ము, తేమ కలిసి ప్లగ్గు పిన్నుల మధ్య పొరలా పేరుకుంటే కరెంటు దారి తప్పడానికి అవకాశం ఇస్తుంది. ఇన్సులేషన్ దండిగా ఉన్న సరుకు దీన్ని తట్టుకుంటుంది. పైసా పైసా మిగుల్చుకుని చేసిన సరుకు తట్టుకోలేదు.

డబ్బా లోపల ఏముంది?

పిల్లలూ, ఈ భాగం మీ కోసం. ఛార్జర్ డబ్బాని రెండు గదుల ఇల్లు అనుకోండి. మొదటి గదిలోకి గోడ కరెంటు వస్తుంది. 220 వోల్టులు అంటాం గానీ అది సరాసరి లెక్క. అల శిఖరం దగ్గర అది దాదాపు 311 వోల్టులు ఉంటుంది. రెండో గదిలోంచి మీ లాప్‌టాప్‌కి వెళ్ళేది 19, 20 వోల్టులే. ఆ రెండు గదుల మధ్య ఒక గట్టి గోడ ఉంటుంది. ఆ గోడ గుండా తీగ పోదు. ట్రాన్స్‌ఫార్మర్ అనే భాగం అయస్కాంత శక్తి ద్వారా అటునుంచి ఇటు శక్తిని అందిస్తుంది.

మంచి ఛార్జర్‌లో ఈ గోడకి రెండు వైపులా కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు, ట్రాన్స్‌ఫార్మర్ తీగలకు పొరలు పొరలుగా టేపు చుడతారు, ఎక్కువ వేడెక్కితే ఆగిపోయే ఏర్పాటు పెడతారు. నకిలీ చేసేవాడు డబ్బు మిగుల్చుకునేది సరిగ్గా వీటి దగ్గరే, ఎందుకంటే ఇవి బయటికి కనిపించవు. విప్పి చూసిన కొన్ని నకిలీల్లో ఆ ఖాళీ ఒక్క మిల్లీమీటరు కూడా లేదు. ఆ గోడ తెగిందంటే మొదటి గదిలోని కరెంటు నేరుగా మీ చేతిలోని వైరులోకి వస్తుంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. అమెరికాలో భద్రతా పరీక్షలు చేసే యూఎల్ సంస్థ 2016లో 400 నకిలీ ఐఫోన్ ఛార్జర్లను పరీక్షించింది. గట్టెక్కినవి మూడంటే మూడే. పన్నెండింటి నిర్మాణం ప్రాణం తీసేంత షాక్ కొట్టేలా ఉందని తేలింది. అవి ఫోన్ ఛార్జర్లు. లాప్‌టాప్ ఛార్జర్ వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ శక్తిని మోస్తుంది.

కొట్లో చూడవలసినవి

మొదట లేబుల్ చదవండి. మీ పాత ఛార్జర్ కూడా వెంట తీసుకువెళ్ళండి. అవుట్‌పుట్ వోల్టులు రెండింటి మీదా సరిపోవాలి. ఆంపియర్లు పాతదానితో సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి. వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అయితే 65 వాట్లు. ఐదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. లేబుల్ మీద 90 వాట్లని గొప్పగా వేసి, కింద అంకెలు గుణిస్తే 65 వస్తే ఆ సరుకు అబద్ధం చెబుతోందన్నమాట.

అక్షర దోషాలు, అలుక్కుపోయిన అచ్చు, గోరుతో గీకితే లేచిపోయే స్టిక్కరు, పక్కపక్క డబ్బాల మీద ఒకటే సీరియల్ నంబరు, ఇవన్నీ నకిలీ లక్షణాలు. మరీ తేలికగా ఉన్నా అనుమానించండి. అయితే గాలియం నైట్రైడ్ సాంకేతికతతో వస్తున్న కొత్త ఛార్జర్లు అసలువే చిన్నగా, తేలికగా ఉంటాయి. కాబట్టి బరువు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

"సీఈ" గుర్తు గురించి మన వాళ్ళలో ఒక కథ తిరుగుతోంది. అక్షరాల మధ్య ఎడం ఉంటే యూరప్ గుర్తనీ, దగ్గరగా ఉంటే "చైనా ఎగుమతి" గుర్తనీ చెబుతారు. చైనా ఎగుమతి అనే అధికారిక గుర్తు ఏదీ లేదు. పైగా సీఈ గుర్తు చాలా వస్తువుల మీద తయారీదారు తనంతట తాను వేసుకునేదే. దాన్ని అచ్చు వేయడం నకిలీవాడికి చిటికెలో పని. కనుక గుర్తు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

ఇంటికి తెచ్చాక లాప్‌టాప్ చెప్పేది కూడా వినండి. డెల్ లాంటి కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లు, గుండ్రటి పిన్ను మధ్యలో ఉండే సన్నటి సూది ద్వారా ఛార్జర్‌ని "నువ్వెవరు?" అని అడుగుతాయి. జవాబు రాకపోతే ఛార్జర్ రకం తెలియడం లేదని తెర మీద సందేశం చూపించి, బ్యాటరీని ఛార్జ్ చేయడం మానేస్తాయి, వేగం తగ్గించుకుంటాయి. ఆ సందేశం వస్తే ఎంటర్ నొక్కి ముందుకు పోకుండా, ఛార్జర్‌ని కొట్టుకి తిరిగి తీసుకువెళ్ళండి. ఒకవేళ మీ పాత అసలు ఛార్జర్‌తోనే ఆ సందేశం వస్తుంటే వైరు లోపల తెగి ఉండవచ్చు.

పెన్ను మూతతో ప్లగ్గు పెట్టకండి

ఇండియా నుంచి తెచ్చుకున్న లాప్‌టాప్‌కి గుండ్రటి పిన్నుల ప్లగ్గు ఉంటుంది. ఇక్కడి గోడకి చదును పిన్నుల మూడు రంధ్రాల సాకెట్. ఆ సాకెట్లో కింది రెండు రంధ్రాలకు లోపల చిన్న తలుపులుంటాయి. పైనున్న పొడవాటి ఎర్త్ పిన్ను దూరితేనే అవి తెరుచుకుంటాయి. పసిపిల్లలు వేళ్ళు, పుల్లలు పెట్టకుండా చేసిన ఏర్పాటు అది. మన వాళ్ళు బ్యాచిలర్ గదుల్లో, అప్పుడప్పుడు ఇళ్ళలో కూడా, ఎర్త్ రంధ్రంలో పెన్ను మూత దూర్చి ఆ తలుపులు తెరిచి, రెండు పిన్నుల ప్లగ్గుని బలవంతంగా తోసేస్తారు. అది చూసే పిల్లలు మర్నాడు అదే చేస్తారు.

దీనికి మందు చాలా చవక. లాప్‌టాప్ ఛార్జర్ డబ్బా నుంచి గోడకి వెళ్ళే వైరు విడిగా ఊడి వస్తుంది. డబ్బా వైపు కొస మూడు రేకుల ఆకులా ఉంటుంది. ఛార్జర్ మంచిదే అయితే దాన్ని మార్చక్కరలేదు, ఇక్కడి ప్లగ్గున్న ఆ వైరు ఒక్కటి కొంటే చాలు. ఆ వైరులోనూ నకిలీలున్నాయి కాబట్టి ప్లగ్గుని పరీక్షగా చూడండి. సరైన ప్లగ్గులో కింది రెండు పిన్నులకే సగం దాకా నల్లటి తొడుగు ఉంటుంది. ఎర్త్ పిన్ను పూర్తిగా లోహమే. ఎర్త్ పిన్నుకి కూడా తొడుగు వేసి ఉంటే అది లెక్క తెలియనివాడు చేసిన ప్లగ్గు. లోపల ఫ్యూజు ఉండాలి. పిన్నులకీ ప్లగ్గు అంచుకీ మధ్య కనీసం 9.5 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి.

రెండు పిన్నుల ప్లగ్గుతో వాడినప్పుడు లాప్‌టాప్ లోహపు ఒంటి మీద చెయ్యి వేస్తే చిమచిమలాడుతుంది. అసలు ఛార్జర్‌తో కూడా అలా జరగవచ్చు. మూడు పిన్నుల వైరు మార్చితే సాధారణంగా పోతుంది. పోకపోతే సాకెట్ ఎర్త్‌ని ఎలక్ట్రీషియన్‌కి చూపించాలి.

అసలు సరుకైనా చిరంజీవి కాదు. హెచ్‌పీ కంపెనీ 2014లో ఎల్ఎస్-15 అనే గుర్తున్న తన వైర్లు వేడెక్కి కాలుతున్నాయని అమెరికా, కెనడాలలో సుమారు 60 లక్షలు వెనక్కి పిలిచి ఉచితంగా మార్చి ఇచ్చింది. జామీను ఉండటం అంటే ఇదే.

బిల్లు ఉంటే బలం

జరీర్, ఎక్స్‌ట్రా లాంటి పెద్ద దుకాణాల్లో గానీ, కంపెనీ అధీకృత విక్రేత దగ్గర గానీ కొంటే ధర ఎక్కువే. చిన్న కొట్లో కొనకూడదని కాదు. కొనేటప్పుడు మూడు ముక్కలు అడగండి. "హాదా అస్లీ వల్లా తిజారీ?" ఇది అసలుదా, వ్యాపారపు సరుకా? "ఫీ దమాన్?" గ్యారంటీ ఉందా? "అబ్గా ఫాతూరా." బిల్లు కావాలి. మొదటి రెండింటికీ అవునని చెప్పి, మూడోదానికి మొహం చిట్లిస్తే మర్యాదగా సలాం చెప్పి బయటికి రండి.

2021 డిసెంబరు నుంచి సౌదీలో వ్యాట్ కట్టే దుకాణాలు ఎలక్ట్రానిక్ బిల్లులే ఇవ్వాలి. మన చేతికి వచ్చే బిల్లు మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. అందులో అమ్మినవారి పేరు, పన్ను నంబరు, తేదీ, సమయం, మొత్తం, వ్యాట్ ఉంటాయి. బిల్లుని ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోండి. ఇక్కడి ఎండకి ఆ కాగితం మీద అక్షరాలు త్వరగా వెలిసిపోతాయి.

మోసం జరిగిందనిపిస్తే వాణిజ్య మంత్రిత్వ శాఖ నంబరు 1900కి ఫోన్ చేయవచ్చు. 2008లో వచ్చిన వాణిజ్య మోసాల నిరోధక చట్టం కింద, నేరం తీవ్రతను బట్టి మూడేళ్ళ దాకా జైలు, పది లక్షల రియాళ్ళ దాకా జరిమానా ఉన్నాయి. ప్రవాసులం కదా, మన మాట ఎవరు వింటారని చాలామంది ఊరుకుంటారు. చేతిలో బిల్లు ఉంటే ఫిర్యాదుకి బలం ఉంటుంది.

ఆన్‌లైన్లో కొనేటప్పుడు వెబ్‌సైటు పేరుతో తృప్తి పడకుండా, ఆ వస్తువుని అమ్ముతున్నది ఎవరో కింద చిన్న అక్షరాల్లో చదవండి. అమెజాన్‌లో అసలువని అమ్ముతున్న తన పేరిటి ఛార్జర్లు, కేబుళ్ళు తానే కొని చూస్తే దాదాపు 90 శాతం నకిలీవని తేలిందని ఆపిల్ 2016లో ఒక విక్రేత మీద వేసిన దావాలో చెప్పింది. అంగడి పెద్దదైనా, అందులో బుట్ట పెట్టుకున్నవాడు వేరు.

సూట్‌కేసులో సర్దే ముందు

గల్ఫ్ నుంచి తెచ్చిందంటే మంచిదే అయి ఉంటుందని కరీంనగర్‌లోనూ, కడపలోనూ, కోనసీమలోనూ ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. సెలవుకి వెళ్ళేటప్పుడు అందుకే సూట్‌కేసు నిండా ఛార్జర్లు, పవర్ బ్యాంకులు సర్దుతాం. కానీ ఇక్కడి ఐదు రియాళ్ళ కొట్లోని సరుకూ, సికింద్రాబాద్ పార్క్‌లేన్ ఫుట్‌పాత్ మీది సరుకూ ఒకే కార్ఖానాలో పుట్టినవి కావచ్చు. విమానం ఎక్కినంత మాత్రాన నకిలీ అసలైపోదు.

అమ్మానాన్నలకి లాప్‌టాప్ ఛార్జర్ కావాలంటే అక్కడే కొనిపించడం మేలు. ప్లగ్గు కూడా సరిపోతుంది, గ్యారంటీ కూడా పనిచేస్తుంది. మన దేశంలో కంప్యూటర్ల పవర్ ఎడాప్టర్లకు బీఐఎస్ నమోదు తప్పనిసరి చేస్తూ 2012లో ఉత్తర్వు వచ్చింది. ఎడాప్టర్ మీద "ఆర్" అక్షరం, దాని పక్కన ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. "బీఐఎస్ కేర్" అనే ఆప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు ఎవరో కనిపిస్తుంది. చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీలో కొన్నా సరే, తమ్ముడినో మేనల్లుడినో పంపి ఆ నంబరు చూసి కొనమనండి.

ముందు ముందు ఈ గందరగోళం కొంత తగ్గవచ్చు. సౌదీలో 2025 జనవరి 1 నుంచి ఫోన్లు మొదలైనవాటికి, 2026 ఏప్రిల్ 1 నుంచి లాప్‌టాప్‌లకి ఒకటే రకం, యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ రంధ్రం ఉండాలని ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఇంటిల్లిపాదికీ ఒక మంచి ఛార్జర్ చాలన్నమాట. అయితే కేబుల్ సంగతి మరవకండి. మామూలు సీ-కేబుల్ 60 వాట్ల వరకే. అంతకు మించితే 5 ఆంపియర్లని రాసి ఉన్న, లోపల చిన్న చిప్ ఉన్న కేబుల్ కావాలి.

పిల్లలూ, మీకు నాలుగు మాటలు

ఛార్జర్‌ని దిండు కింద, దుప్పటి కింద పెట్టకండి, దానికి గాలి ఆడాలి. తడి చేతులతో ప్లగ్గు తీయకండి. వైరు పట్టుకుని లాగకండి, ప్లగ్గుని పట్టుకుని తీయండి. ఛార్జర్ వేడెక్కడం మామూలే గానీ, చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా, కీచుమన్నా వెంటనే పెద్దవాళ్ళకి చెప్పండి. హోంవర్కు ఒకరోజు ఆలస్యమైతే ఏ టీచరూ ఏమీ అనరు.

పెద్దలకి చివరిగా ఒక మనవి. అనుమానం వచ్చిన ఛార్జర్‌ని మన ఇంట్లోంచి తీసేయగానే పని అయిపోలేదు. "ఇంకా పనిచేస్తోంది కదా" అని దాన్ని డ్రైవరుకో, ఊరి నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడికో ఇచ్చేయడం మనలో మామూలు. ఆ కుర్రాడు ఉండే గదిలో ఆరుగురు పడుకుంటారు, ఒక్క సాకెట్‌కి ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాని నిండా ఛార్జర్లు, పక్కనే పరుపులు. మన పిల్లల పక్కన ఉంచడానికి భయపడిన వస్తువుని అక్కడికి పంపకూడదు. దాని వైరుని కత్తెరతో రెండు ముక్కలు చేసి, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే చోట పడేయండి. ఆ కుర్రాడికి ఇవ్వాలనిపిస్తే, బిల్లుతో సహా మంచిది ఒకటి కొనివ్వండి.